విశాఖ ఏడాదికి ఎంత కదులుతుంది? జీపీఎస్ డేటాతో పలకల చలనం చెప్పే టీచర్లకు తరచుగా వచ్చే ప్రశ్నలు

పలకల చలనం, అంటే భూమి పైపొరలోని పెద్ద పెద్ద ముక్కల కదలిక, పాఠాన్ని జీపీఎస్ అంకెలతో చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి తోటి టీచర్ల ఫోన్లు ఆగడం లేదు. పెందుర్తి నుంచి ఒకరు, భీమిలి నుంచి ఒకరు, గాజువాక నుంచి మరొకరు. ఊళ్లు వేరైనా అడిగేవి అవే. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పేకన్నా ఒకచోట రాసి పెడితే నయమనిపించింది. మీకు ఏ దశలో సందేహం వచ్చిందో అక్కడే చదువుకోండి, వరసగా చదవాల్సిన పని లేదు.

## మొదలుపెట్టే ముందు

జీపీఎస్ అంటే ఫోన్‌లో దారి చూపించేదే కదా. దాంతో ఖండాల కదలిక ఎలా కొలుస్తారు?

ఉపగ్రహాలు అవే, వినే తీరు వేరు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాన్ని ఫోన్ కాసేపు విని, మీరు జగదాంబ సెంటర్ దగ్గర ఉన్నారని చెప్పేస్తుంది. అందులో మూడు నుంచి అయిదు మీటర్ల తేడా ఉన్నా మనకు ఇబ్బంది లేదు. శాస్త్రవేత్తల స్టేషన్ అలా కాదు. గట్టి నేలలోనో రాతిలోనో దింపిన స్తంభం మీద యాంటెన్నా బిగిస్తారు, ఏళ్ల తరబడి దాన్ని కదపరు. అది పగలూ రాత్రీ వింటూనే ఉంటుంది. సంకేతాన్ని మోసుకొచ్చే రేడియో తరంగం పొడవు దాదాపు 19 సెంటీమీటర్లు. ఆ ఒక్క తరంగంలో కూడా ఎన్నో వంతు అందిందో స్టేషన్ లెక్కపెడుతుంది. రోజంతటి కొలతలు కలిపి, గాలిలోని తేమ వల్లా అయనావరణం (పై వాతావరణంలోని విద్యుదావేశ పొర) వల్లా వచ్చే ఆలస్యాలను సవరించాక ఆ రోజుకు ఒక్క స్థానం తేలుతుంది. అది అడ్డంగా కొద్ది మిల్లీమీటర్ల దాకా నమ్మదగినది. అలాంటి చుక్కలు పదేళ్లవి పేర్చితే నేల కదలిక గ్రాఫు మీద దానంతటదే కనిపిస్తుంది.

బడిలో పరికరాలేవీ లేవు. ఫోన్లతో కొలిపించొచ్చా?

వద్దు, నేను చేసి చెయ్యి కాల్చుకున్నాను. మొదటి ఏడాది పిల్లల్ని డాబా మీదకు తీసుకెళ్లి, సున్నంతో గుర్తు పెట్టి, వారానికోసారి అక్కడ నిలబడి ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు రాసుకోమన్నాను. రెండు నెలలయ్యాక మ్యాపు మీద చుక్కలు పెడితే మా బడి ఒక వారం పక్కవీధిలో ఉంది, ఇంకో వారం ఎదురింటి పెరట్లో ఉంది. ఏడాదికి అయిదు సెంటీమీటర్లు కదిలేదాన్ని అయిదు మీటర్లు తడబడే పరికరంతో పట్టుకోబోవడం బియ్యం బస్తాలు తూచే కాటా మీద ముక్కుపుడక తూచినట్టే. ఇప్పటికీ ఒక పీరియడ్ ఆ పని చేయిస్తాను కానీ కదలిక కోసం కాదు. కొలిచే పరికరం తడబాటు కొలవాల్సిన దానికన్నా పెద్దదైతే ఏమవుతుందో పిల్లలు కళ్లారా చూస్తారు. అసలు కొలతలకు మాత్రం శాశ్వత స్టేషన్ల డేటాయే వాడాలి, అది ఉచితంగా దొరుకుతుంది.

ఇంతకీ విశాఖ ఏడాదికి ఎంత కదులుతుంది? ఎటు?

సుమారు 5.4 సెంటీమీటర్లు, ఈశాన్యానికి. చేతిగోరు పెరిగే వేగం కన్నా కాస్త ఎక్కువ. పద్నాలుగేళ్ల పిల్ల అయితే తను పుట్టినప్పుడు ఆసుపత్రి ఉన్న చోటుకు ఇప్పుడు ఆ ఆసుపత్రి 75 సెంటీమీటర్లు అవతల ఉందన్నమాట. ఈ మాట అన్నాక తరగతిలో కొలబద్దలు వాటంతటవే బయటికొస్తాయి.

నాకు ఇష్టమైన లెక్క ఇంకొకటి ఉంది. గోడె వెంకట జగ్గారావు గారు 1840లో మన డాబాగార్డెన్స్‌లో వేధశాల పెట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని విశాఖ నుంచే పరిశీలించారు. వేధశాలకు తన అక్షాంశ రేఖాంశాలు తెలియడం ప్రాణం. 1840 నుంచి 185 ఏళ్లు వేసుకుని 5.4తో గుణించండి: 999 సెంటీమీటర్లు. అంటే జగ్గారావు గారు దూరదర్శిని నిలబెట్టిన నేల అప్పటి నుంచి దాదాపు 10 మీటర్లు జరిగింది. మా బడి గేటు నుంచి జెండా కర్ర దాకా అంతే దూరం. పిల్లల్ని ఆ దూరం నడిపించి మరీ చెబుతాను.

ఏ తరగతి నుంచి చెప్పొచ్చు?

బాణాల మ్యాపు చూపించి దిక్కులు గుర్తించడం ఏడో తరగతి పిల్లలకు తేలికే. గ్రాఫు గీసి వాలు కనుక్కోవడం తొమ్మిది నుంచి. ఉత్తరం, తూర్పు వేగాలను కలపడానికి పైథాగరస్ సిద్ధాంతం వచ్చి ఉండాలి, కాబట్టి గణితం టీచరుతో ముందే మాట్లాడుకోండి. నాలుగు పీరియడ్లు చాలు. రెండింట్లో ముగిద్దామనుకుంటే గ్రాఫు పని మీరే చేసేస్తారు, అప్పుడు ఇంత శ్రమ దేనికి?

పలకలనాలా, ఫలకాలనాలా, ప్లేట్లనాలా?

పాఠ్యపుస్తకంలో పలకలు. పత్రికల్లో ఎక్కువగా ఫలకాలు. పిల్లల నోట ప్లేట్లు. ఏదన్నా ఫరవాలేదు, పరీక్షలో మాత్రం పుస్తకంలో మాట రాయమనండి. ఒక్క జాగ్రత్త: ప్లేటు అనగానే టిఫిను ప్లేటంత పల్చగా, అంచులు తిరిగి ఉంటుందనుకుంటారు. ఖండాల కింద పలక మందం వంద కిలోమీటర్ల లెక్కలో ఉంటుందని మొదటి రోజే చెప్పాలి.

స్థానం కనుక్కోవడానికి మూడు ఉపగ్రహాలు చాలవా? నాలుగు ఎందుకంటారు?

మూడు దూరాలు తెలిస్తే స్థానం తేలుతుంది, అది నిజమే. విశాఖ మ్యాపు మీద కైలాసగిరి, డాల్ఫిన్ నోస్, సింహాచలం కొండ మూడింటినీ కేంద్రాలుగా పెట్టి, ఒక రహస్య స్థలం నుంచి వాటి దూరాలు మాత్రమే ఇచ్చి, వృత్తలేఖినితో వృత్తాలు గీయమనండి. మూడూ కలిసిన చోట ఆర్టీసీ కాంప్లెక్సో, ఎన్ఏడీ కూడలో దొరుకుతుంది. చిక్కు దూరంలో కాదు, గడియారంలో ఉంది. సంకేతం ఎంతసేపు ప్రయాణించిందో తెలిస్తేనే దూరం తెలుస్తుంది. ఉపగ్రహంలో పరమాణు గడియారం ఉంటుంది, రిసీవర్‌లో మామూలు గడియారం. అది సెకనులో పది లక్షో వంతు తప్పినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఆ తప్పు ఎంతో కూడా కనుక్కోవాలి కాబట్టి తెలియనివి నాలుగు, అందుకే నాలుగో ఉపగ్రహం. తెలియనివి ఎన్నో సమీకరణాలు అన్ని కావాలని గణితం టీచరు చెప్పింది ఇక్కడ పనికొస్తుంది.

## డేటా తెచ్చుకోవడం

డేటా ఎక్కడ దొరుకుతుంది? డబ్బు కట్టాలా?

కట్టక్కర్లేదు. అమెరికాలో రీనో నగరంలోని నెవాడా విశ్వవిద్యాలయానికి నెవాడా జియోడెటిక్ ల్యాబొరేటరీ అని ఒక విభాగం ఉంది. ప్రపంచంలోని వేలాది స్టేషన్ల రోజువారీ స్థానాలను లెక్కకట్టి, గ్రాఫులతో సహా అందరికీ ఇస్తుంది. మ్యాపు మీద స్టేషన్ చుక్క నొక్కితే దాని పేజీ వస్తుంది, అక్కడే టెక్స్ట్ ఫైలు ఉంటుంది. అంకెలు వద్దు, బాణాలు చాలనుకుంటే ఎర్త్‌స్కోప్ కన్సార్షియం వారి వేగాల మ్యాపు చూపించండి. ఒకప్పుడు యునావ్కో అనే పేరుతో నడిచిన సంస్థే 2023లో మరో సంస్థతో కలిసి ఇలా మారింది, పాత పాఠాల్లో ఆ పేరు కనిపిస్తే తికమకపడకండి.

విశాఖ గురించి చెబుతూ హైదరాబాద్ డేటా వాడటం మోసం కాదా?

ఈ ప్రశ్న పిల్లలు అడిగితే సంతోషించండి. దక్కన్, తూర్పు కనుమలు, కోస్తా అన్నీ ఒకే గట్టి పలక మీద ఉన్నాయి. హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలోని స్టేషన్, బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థలోని స్టేషన్ దాదాపు ఒకే వేగంతో, ఒకే దిక్కుకు కదులుతున్నాయి. రెండింటి మధ్య సుమారు 500 కిలోమీటర్లు ఉన్నా ఆ దూరం ఏళ్లు గడిచినా మారినట్టు చెప్పుకోవడానికి ఏమీ లేదు. కాబట్టి విశాఖ కూడా అంతేనని చెప్పవచ్చు. నేను ఇది చెప్పేయను. రెండు స్టేషన్ల ఫైళ్లు రెండు జట్లకిచ్చి, చివర్లో బోర్డు మీద జవాబులు పక్కపక్కన రాయిస్తాను. దాదాపు ఒకే అంకె వచ్చేసరికి ఎవరి దగ్గర ఎవరు కాపీ కొట్టారని గొడవ మొదలవుతుంది. ఆ గొడవలోంచే పలక అంటే ఏమిటో బయటపడుతుంది: కలిసికట్టుగా కదిలే ముక్క.

ఫైలు తెరిస్తే ఇన్ని నిలువు వరుసలు! ఏవి చూడాలి?

నెవాడా వారి ఫైల్లో మొదటిది స్టేషన్ కోడ్, రెండోది తేదీ, మూడోది దశాంశ రూపంలో సంవత్సరం. గ్రాఫుకు ఈ మూడోదే కావాలి. 2015.5 అంటే 2015 జులై మొదట్లో అని ముందే చెప్పండి, లేకపోతే అయిదో నెల అనుకుంటారు. ఎనిమిది, తొమ్మిది వరుసలు తూర్పు, పది, పదకొండు ఉత్తరం, పన్నెండు, పదమూడు ఎత్తు. ఒక్కొక్కటి రెండేసి వరుసలు ఎందుకంటే మొదటిది మీటర్లలో పూర్ణాంకం, రెండోది మిగిలిన దశాంశ భాగం. రెండూ కూడితేనే అసలు విలువ. పూర్ణాంకం ఫైలు పొడవునా మారకపోతే దశాంశ భాగం ఒక్కటే వాడినా సరిపోతుంది. కొలతలన్నీ మీటర్లలో ఉంటాయి, 1000తో గుణించి మిల్లీమీటర్లు చేయించండి.

ఫైల్లో వేల అడ్డు వరుసలున్నాయి. మా ల్యాబ్ కంప్యూటర్లు మోయలేవు.

మావీ మోయలేదు. ఇరవై ఏళ్ల ఫైలంటే ఏడు వేల వరుసలకు పైనే. అది తెరవగానే మా ల్యాబ్‌లోని పాత కంప్యూటర్లు ఒక్కొక్కటే బిగుసుకుపోయాయి, పీరియడంతా వాటిని బతికించడంతోనే సరిపోయింది. ఇప్పుడు ఇంట్లోనే ఏడాదికి ఒక వరుస, అంటే ప్రతి జనవరి మొదటి వారం సగటు, తీసి పెట్టుకుంటాను. ఇరవై వరుసలు ఒక కాగితంలో పడతాయి. కరెంటు ఉన్నా లేకున్నా పాఠం నడుస్తుంది.

## గ్రాఫు, లెక్క

గ్రాఫు నుంచి వేగం ఎలా రాబట్టాలి?

అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా మిల్లీమీటర్లు. మొదటి ఏడాది స్థానాన్ని సున్నా అనుకుని మిగతావాటిలోంచి దాన్ని తీసేయమనండి, లేకపోతే గ్రాఫు కాగితం చాలదు. చుక్కలు పెట్టాక పారదర్శక స్కేలుతో వాటి మధ్యగా ఒక గీత గీయాలి, ఎన్ని చుక్కలు గీతకు పైన ఉంటే దాదాపు అన్ని కింద ఉండేలా. మొదటి చుక్కనూ చివరి చుక్కనూ కలిపేయడం అందరూ చేసే తప్పు. గీత మీద దూరంగా ఉన్న రెండు బిందువులు తీసుకుని, నిలువు తేడాను అడ్డం తేడాతో భాగిస్తే వాలు. ఆ వాలే వేగం. హైదరాబాద్ స్టేషన్‌కు ఉత్తరం వైపు ఏడాదికి సుమారు 35 మిల్లీమీటర్లు, తూర్పు వైపు సుమారు 41 రావాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వస్తే దిద్దకండి.

కంప్యూటర్ ఉంటే స్ప్రెడ్‌షీట్‌లో స్లోప్ ఫార్ములా క్షణంలో చెప్పేస్తుంది. చేత్తో గీశాకే దాన్ని చూపించండి. ముందే చూపిస్తే ఇక ఎవరూ పెన్సిలు పట్టుకోరు.

ఉత్తరానికి 35, తూర్పుకు 41 వచ్చింది. కూడితే 76 అంటున్నారు పిల్లలు. ఎలా నచ్చజెప్పాలి?

వాళ్లను మైదానంలోకి తీసుకెళ్లండి. ఒకర్ని 35 అడుగులు ఉత్తరానికి, అక్కడి నుంచి 41 అడుగులు తూర్పుకు నడవమనండి. ఇంకొకర్ని బయల్దేరిన చోటు నుంచి నేరుగా మొదటివారి దగ్గరికి రమ్మనండి. రెండోవాళ్లు వేసేవి 76 కాదు, 54. ఆ తర్వాత బోర్డు మీద: 35 వర్గం 1225, 41 వర్గం 1681, మొత్తం 2906, వర్గమూలం దాదాపు 53.9. ఏడాదికి 5.4 సెంటీమీటర్లు. దిక్కు కావాలంటే కోణమానిని చాలు, ఉత్తరం నుంచి తూర్పు వైపు దాదాపు 50 డిగ్రీలు. ఈ నడక చేయించిన సంవత్సరం సదిశ (వెక్టర్) అంటే ఏమిటని మళ్లీ ఎవరూ అడగలేదు. అడుగులు సమానంగా వేసే పిల్లల్ని ఎంచుకోవడం మరిచిపోకండి, పొడుగు పిల్లాడిని పెడితే పైథాగరస్ కూడా గట్టెక్కించలేడు.

చుక్కలు గీత మీద పడటం లేదు, అటూ ఇటూ ఊగుతున్నాయి. ఏదో తప్పు చేశామా?

లేదు. ఏ కొలతలోనైనా కొంత తడబాటు ఉంటుంది. ఎత్తు గ్రాఫులో ఊగిసలాట ఎక్కువ, ఎందుకంటే ఉపగ్రహాలన్నీ మన తల పైనే ఉంటాయి, కాళ్ల కింద ఒక్కటీ ఉండదు. అందుకే ఎత్తులో అనిశ్చితి అడ్డం కొలతల కన్నా మూడు రెట్ల దాకా ఉంటుంది. ఊగడంలో కొంత నిజమైన కదలిక కూడా ఉంది. వానాకాలంలో నేలలో, చెరువుల్లో, జలాశయాల్లో నిండిన నీటి బరువుకు నేల కాస్త కుంగుతుంది, ఎండాకాలానికి మళ్లీ లేస్తుంది. రోజువారీ చుక్కలున్న గ్రాఫులో ఆ అల ఏటా కనిపిస్తుంది. నైరుతి రుతుపవనాలు ఏ నెలలో వస్తాయో తెలిసిన పిల్లలే కాబట్టి అల ఎప్పుడు కిందికి దిగుతుందో వాళ్లనే ఊహించమనండి.

గ్రాఫులో ఒక్కసారిగా మెట్టులా తెగిపోయింది. భూకంపమేనా?

కావచ్చు, కాకపోవచ్చు. యాంటెన్నా మార్చినా మెట్టు పడుతుంది. స్టేషన్ పేజీలో పరికరాలు మార్చిన తేదీలు, దగ్గర్లో వచ్చిన భూకంపాల తేదీలు ఉంటాయి, పోల్చి చూడాలి. నిజమైన మెట్టు చూపించాలంటే ఖాట్మాండూ లోయలోని స్టేషన్ తీసుకోండి. 2015 ఏప్రిల్ 25 దాకా అది భారత్‌తో పాటు మెల్లగా ఉత్తరానికి జరుగుతూ ఉంది. ఆ రోజు 7.8 తీవ్రత గల గోర్ఖా భూకంపంలో క్షణాల్లో మీటరుకు పైగా దక్షిణానికి వచ్చేసింది, లోయ దాదాపు మీటరు పైకి లేచింది. ఏళ్లపాటు వంచిన విల్లు ఒక్కసారిగా విడుచుకున్నట్టు. 2004 డిసెంబరు 26న పోర్ట్ బ్లెయిర్ కూడా ఇలాగే మీటర్ల లెక్కన పక్కకు జరిగి, కుంగింది. 2011 మార్చి 11న జపాన్ ఓషికా ద్వీపకల్పం తూర్పుకు జరిగింది 5 మీటర్లకు పైనే.

అన్నీ కదులుతుంటే, 5.4 సెంటీమీటర్లు అనేది దేనితో పోలిస్తే?

ఇది పెద్దవాళ్లను కూడా తిప్పలు పెట్టే ప్రశ్న. సింహాచలం గిరి ప్రదక్షిణ గుర్తు చేయండి. 32 కిలోమీటర్లు లక్షల మంది నడుస్తుంటారు. మీ పక్కనే నడిచే పిన్నిగారు మీకు కదలనట్టే ఉంటారు, ఇద్దరి మధ్యా దూరం మారదు కదా. రోడ్డు పక్కన మజ్జిగ పంచే ఆయనకు ఇద్దరూ కదులుతున్నారు. ఎదురొచ్చే మనిషికి మీ వేగం ఇంకా ఎక్కువ. కదలిక అనేది ఎవరు చూస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

భూమి మీద మజ్జిగాయన లేడు, నిలకడగా నిలబడిన నేల ఎక్కడా లేదు. అందుకని ప్రపంచంలోని స్టేషన్లన్నిటి కదలికలనూ తీసుకుని, పలకలన్నీ కలిపి చూస్తే మొత్తం మీద ఎటూ తిరగనట్టు ఉండే ఒక చట్రాన్ని లెక్కతో కట్టారు. దాన్నే అంతర్జాతీయ భూ నిర్దేశ చట్రం అంటారు. ఏడాదికి 5.4 సెంటీమీటర్లనేది ఆ చట్రంలో లెక్క. భారత పలకే కదలదనుకుంటే హైదరాబాద్ వేగం దాదాపు సున్నా అవుతుంది. నెవాడా పేజీలో రెండు రకాల ఫైళ్లూ ఉంటాయి. పొరపాటున పలకకు బిగించిన చట్రం ఫైలు తెస్తే గ్రాఫు అడ్డంగా పడుకుంటుంది, పిల్లలు మీ వంక చూస్తారు. మా తరగతిలో ఒకసారి అదే జరిగింది. ఒక పిల్లాడు లేచి, "ఏటి సార్, మనూరు ఆగిపోనాదా?" అన్నాడు.

## పోల్చి చూడటం

హైదరాబాద్ ఒక్కటే చూపిస్తే పిల్లలకు విసుగొస్తోంది. ఏ స్టేషన్లు పక్కన పెట్టాలి?

మూడు జతలు నాకు బాగా పనిచేశాయి.

మొదటిది హైదరాబాద్, లాసా. టిబెట్‌లోని లాసా ఉత్తరానికి ఏడాదికి సుమారు 15 మిల్లీమీటర్లే జరుగుతుంది, హైదరాబాద్ 35. వెనకవాడు వేగంగా, ముందువాడు నెమ్మదిగా నడిస్తే మధ్యలో ఉన్నవాళ్ల గతి ఏమిటి? నలుగుతారు. ఆ 20 మిల్లీమీటర్ల తేడా హిమాలయం దగ్గర ఇరుక్కుంటోంది. హిమాలయాలు ముడుత పర్వతాలని ఏళ్లుగా బట్టీ పట్టిన వాక్యం ఇక్కడ రెండు అంకెల తీసివేతగా మారుతుంది. ఈ ఒక్క జత చేసినా పాఠం గట్టెక్కినట్టే.

రెండోది ఐస్‌లాండ్. పడమట రేక్యావిక్, ఆగ్నేయ తీరాన హోఫ్న్. ఒకటి పడమటికి వాలుతుంది, ఒకటి తూర్పుకు. ఒకే చిన్న ద్వీపం ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్లు విడిపోతోంది. మధ్యలో ఏముందో ఊహించమంటే అగ్నిపర్వతాల మాట పిల్లల నోటే వస్తుంది.

మూడోది మన విశాఖ వాళ్ల కోసం ప్రత్యేకం: అంటార్కిటికాలోని మాసన్. అక్కడ ఆస్ట్రేలియా వాళ్ల పరిశోధన కేంద్రం ఉన్న రాయి చార్నొకైట్. మన తూర్పు కనుమల్లో ఖొండలైట్ అనే రాయితో పాటు దొరికేదీ చార్నొకైటే. దాదాపు వంద కోట్ల ఏళ్ల నాడు ఈ రెండు నేలలూ ఒకే పర్వతశ్రేణిలో భాగం. సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం గోండ్వానా అనే మహాఖండం చీలి భారత్, అంటార్కిటికా విడిపోయాయి. మన తీరం ఆ చీలిక అంచే. ఈ రోజు మాసన్ స్టేషన్ ఏడాదికి సెంటీమీటరు కూడా కదలదు, మనం 5.4 కదులుతున్నాం. ఎవరు ఎవర్ని వదిలి వచ్చారో గ్రాఫు చెబుతుంది.

రాళ్లు చూపించడానికి ఎక్కడికి తీసుకెళ్లాలి?

ఖొండలైట్ కోసం దూరం పోనక్కర్లేదు. కైలాసగిరి, డాల్ఫిన్ నోస్, సింహాచలం కొండ, అన్నిటా అదే. తుప్పు రంగు చారలు, ఎర్రటి గోమేదికపు గింజలు కనిపిస్తాయి. గోమేదికం అంటే పిల్లలు ఉంగరంలో రాయి అనుకుంటారు, అదే జాతి ఖనిజమని చెప్పండి. ఎర్రమట్టి దిబ్బలకు వెళ్దామని వాళ్లు పట్టుబడతారు. చూడదగిన చోటే కానీ అవి గాలి, నీరు పోగేసిన ఇసుక, పలకల కథలో వాటికి పాత్ర లేదు. విహారానికి వెళ్లండి, ఈ పాఠంలో కలపకండి.

## పిల్లలు అడిగే చిక్కు ప్రశ్నలు

ఆర్కే బీచ్ కోసుకుపోతోంది కదా, పలక కదలడం వల్లేనా?

కాదు. తీరం వెంబడి కెరటాలు ఇసుకను ఒక చోటు నుంచి మరో చోటుకు మోస్తుంటాయి. నైరుతి రుతుపవనాల కాలంలో మన దగ్గర అది ఎక్కువగా ఈశాన్యం వైపు పోతుంది. ఔటర్ హార్బర్ గోడలు ఆ ఇసుకను దక్షిణం పక్కనే ఆపేస్తాయి, ఇటు బీచ్‌కు అందాల్సింది అందదు. తుపాను వస్తే ఒక్క రాత్రిలో మీటర్ల మేర పోతుంది. పలక కదిలితే బీచ్, రోడ్డు, కుర్సుర జలాంతర్గామి, ఐస్‌క్రీం బండి అన్నీ కలిసే కదులుతాయి, వాటి మధ్య దూరం మారదు. కుర్సుర 2002లో ఒడ్డుకు చేరింది. అప్పటి నుంచి పలకతో పాటు మీటరుకు పైగా ఈశాన్యానికి వెళ్లింది, మన రోడ్డు దాటకుండానే.

మనమూ కదులుతున్నాం కాబట్టి విశాఖకు పెద్ద భూకంపం వస్తుందా?

పెద్ద భూకంపాలు ఎక్కువగా పలకల అంచుల్లో వస్తాయి. ఒక పలక ఇంకోదాన్ని రాసుకుంటూ, ఇరుక్కుంటూ కదిలే చోట్లవి. మనం పలక లోపలున్నాం, తూర్పున దగ్గరి అంచు అండమాన్ దీవుల పడమటి పక్కన, సముద్రంలో. అలాగని లోపల అసలే రావని చెప్పకండి. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 1993లో మహారాష్ట్రలోని కిల్లారి పలక లోపలివే. కిల్లారిలో వేలాది మంది చనిపోయారు. 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6.0 తీవ్రతతో వచ్చినప్పుడు విశాఖలో జనం ఇళ్లలోంచి బయటికి పరిగెత్తారు. పిల్లల్ని భయపెట్టనూ వద్దు, మనకేం కాదని హామీ ఇవ్వనూ వద్దు.

జీపీఎస్ ఉంటే భూకంపం ఫలానా రోజు వస్తుందని చెప్పొచ్చు కదా?

చెప్పలేం. ఎక్కడ నేల ఇరుక్కుని ఒత్తిడి పోగవుతోందో, ఏడాదికి ఎంత పోగవుతోందో జీపీఎస్ చెబుతుంది. ఆ ముడి ఎప్పుడు విడుతుందో చెప్పదు. రబ్బరుబ్యాండు ఎంత సాగిందో కొలవొచ్చు, ఏ క్షణాన తెగుతుందో కొలబద్ద చెప్పదు.

పలకల్ని కదిలిస్తున్నదేమిటి? ఇదివరకూ ఇదే వేగమా?

చల్లబడి బరువెక్కిన సముద్రపు పలక అంచు భూగర్భంలోకి దిగుతూ మిగతాదాన్ని లాగుతుంది. మంచం మీంచి జారే దుప్పటి తన బరువుకు తానే మొత్తం కిందికి పోయినట్టు. సముద్రం మధ్యలోని పర్వతశ్రేణుల నుంచి వచ్చే నెట్టుడు కొంత తోడవుతుంది. వేగం మాత్రం ఎప్పుడూ ఒకేలా లేదు. ఆరేడు కోట్ల ఏళ్ల క్రితం భారత పలక ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా పరిగెత్తింది. సుమారు 5 కోట్ల ఏళ్ల క్రితం ఆసియాను ఢీకొన్నాక నెమ్మదించింది.

నేల జరిగిపోతే మ్యాపులు తప్పయిపోవా?

అవుతాయి. ఆస్ట్రేలియా ఏడాదికి దాదాపు 7 సెంటీమీటర్లు కదులుతుంది. 1994 నాటి చట్రంలో గీసిన మ్యాపులకూ ఉపగ్రహాలు చెప్పే స్థానాలకూ 2020 నాటికి 1.8 మీటర్ల తేడా వచ్చింది. దాంతో ఆ దేశం అక్షాంశ రేఖాంశాలనే మార్చుకుంది. ఫోన్‌లో హోటలు వెతికేవాళ్లకు ఇది తెలియదు, తానే నడిచే ట్రాక్టరుకు మాత్రం అది చాలా తేడా.

ఖండాలు కదులుతాయని జర్మన్ శాస్త్రవేత్త వెగెనర్ 1912లోనే అన్నాడు కదా. అప్పుడే కొలిచి చూపించలేదెందుకు?

ప్రయత్నించాడు. గ్రీన్‌లాండ్ రేఖాంశాన్ని వేర్వేరు కాలాల్లో కొలిచిన లెక్కలు పోల్చి, అది ఏడాదికి మీటర్ల కొద్దీ కదులుతోందన్నాడు. అసలు కదలిక సెంటీమీటర్లలో ఉంటుంది. ఆయన చూసినది నేల కదలిక కాదు, పరికరాల తడబాటు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులోనే చనిపోయాడు. సెంటీమీటర్ల కొలతలు చేతికి రావడానికి ఆ తర్వాత అర్ధశతాబ్దం పట్టింది. బడి డాబా మీద ఫోన్లతో తంటాలు పడిన పిల్లలకు వెగెనర్ మీద మహా సానుభూతి కలుగుతుంది.

పాఠం అర్థమైందో లేదో ఎలా పరీక్షించాలి?

నిర్వచనాలు అడగకండి. హైదరాబాద్, లాసా, ఖాట్మాండూ, మాసన్ స్టేషన్ల ఉత్తరం గ్రాఫులు నాలుగు, పేర్లు తీసేసి ఇవ్వండి. మీ ఊరితో పాటు కదిలేది ఏది, ఎలా చెప్పగలవు అని ఒక్క ప్రశ్న వేయండి. వాలు కొలిచి చెప్పినవాళ్లకు పూర్తి మార్కులు, ఊరికే సరిగ్గా గుర్తుపట్టినవాళ్లకు సగం. కొలిచి తప్పు చెప్పినవాళ్లకు నేను ముప్పావు వేస్తాను. దీని మీద మా స్టాఫ్ రూములో ఇంకా పంచాయితీ నడుస్తోంది.